జీను వేయక ముందే

సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీ 1948 సెప్టెంబరు 15న మౌంట్ ఆబూలో పుట్టింది. అప్పటి పేరు సెంట్రల్ పోలీస్ ట్రైనింగ్ కాలేజీ. 1967లో నేషనల్ పోలీస్ అకాడమీ అయింది, 1974లో సర్దార్ పేరు పెట్టుకుంది. ఆ మరుసటి ఏడాది కొండ దిగి హైదరాబాద్ శివార్లలోని శివరాంపల్లికి వచ్చింది. 2025తో మన ఊళ్లో దానికి యాభై ఏళ్లు. ఏ రాష్ట్ర కేడర్‌కు వెళ్లే ఐపీఎస్ అధికారి అయినా ముందు ఇక్కడ చెమటోడ్చాల్సిందే. ఆ చెమటలో కొంత గుర్రపు స్వారీది.

ప్రత్యేక సంచికల్లో డైరెక్టర్ల గురించి, పాసింగ్ అవుట్ పరేడ్‌ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను గుర్రాల పక్షాన నాలుగు మాటలు రాస్తాను. కొత్త ప్రొబేషనర్ తొలిసారి రికాబులో కాలు పెట్టినప్పుడు గుర్రం కదలకుండా నిలబడిందంటే, అంతకు ముందు ఎవరో దాని పక్కన నెలల తరబడి నడిచారన్నమాట. ఆ నడక చరిత్రలోకి ఎక్కదు.

లేత గుర్రాన్ని తొందరపడి ఎక్కకూడదు. దాని వెన్నెముక పూర్తిగా గట్టిపడేసరికి అయిదారేళ్లు పడుతుంది. కానీ బుద్ధి అంతకన్నా చాలా ముందే నేర్చుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. అందుకే వీపు మీద బరువు పెట్టకుండా నేల మీద నుంచే చదువు మొదలవుతుంది. ముందు మనిషి పక్కన నడవాలి, ఆగమంటే ఆగాలి, వెనక్కి అడుగు వేయాలి, డెక్క ఎత్తి పట్టుకుంటే ఊరుకోవాలి. తాడు కాస్త బిగిస్తాం. గుర్రం మాట విన్న క్షణంలోనే వదులు చేస్తాం. నేర్పేది ఆ వదులే. ఒక్క క్షణం ఆలస్యమైతే తను చేసింది సరైన పనో కాదో దానికి తెలియదు. ఎడమవైపు నుంచి నేర్పిన ప్రతి పాఠాన్నీ కుడివైపు నుంచి మళ్లీ నేర్పాలి.

ఆ తర్వాత పొడవు పగ్గాలు. ఒక్కొక్కటి ఏడెనిమిది మీటర్లు ఉంటుంది. కళ్లెం నుంచి బయలుదేరి, నడుముకు కట్టిన పటకా కడియాల్లోంచి దూరి, వెనక నడిచే మనిషి చేతుల్లోకి వస్తాయి. జట్కా గుర్రాన్ని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడా అదుపంతా వెనక నుంచే. మన రైతు కోడెదూడను బండికి కట్టే ముందు ఉత్త కాడి మోయించి అలవాటు చేసినట్టే, ఇక్కడ రౌతు బరువు లేకుండా రౌతు చేతిని పరిచయం చేస్తాం.

ఇందులో జాగ్రత్త చాలా కావాలి. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక మాత్రం కనిపించదు. అందుకని వెనక నడిచేవాడు కాస్త పక్కకు జరిగి, తన్ను తగలనంత దూరంలో, మాట్లాడుతూ నడుస్తాడు. పగ్గం తొడలకు తగిలితే ఉలిక్కిపడకుండా ముందే అలవాటు చేస్తాడు. పగ్గం జర్రున జారితే అరచెయ్యి కాలుతుంది గనుక తొడుగులు వేసుకుంటాడు. పాఠం పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. గుర్రం విసుగు పడక ముందే ఆపేయాలి.

పోలీసు గుర్రానికి ఈ చదువు మరీ అవసరం. ముందు మనిషి నడిస్తే గుర్రం అతని వెనక దాక్కుంటుంది. పొడవు పగ్గాలతో నడిపిస్తే మనిషి వెనకే ఉండిపోతాడు, ఎదురయ్యేదాన్ని గుర్రమే ముందుగా చూడాలి. ఎగిరే గుడ్డ, నీటి గుంట, హారన్, డప్పు, టపాకాయ ఇలా ఒక్కొక్కదాన్నీ దాటుతుంది. పక్కన నెమ్మదైన పాత గుర్రం ఒకటి ఉంటే ధైర్యం ఇంకా తొందరగా వస్తుంది. జనసమ్మర్దంలో బెదరకుండా నిలబడే గుర్రం ఇలాగే తయారవుతుంది. రౌతు ఎంత మొనగాడైనా, ఈ పునాది పడని గుర్రం గుంపులో అతనికీ జనానికీ ప్రమాదమే.

అధికారికి కూడా ఇందులో పాఠం ఉంది. వీపు మీద కూర్చున్నవాడికి తొడల బలం, మడమ, శరీరం బరువు అన్నీ సాయానికి వస్తాయి. వెనక నడిచేవాడికి గొంతూ, రెండు వేళ్ల మధ్య పగ్గమూ తప్ప ఏమీ లేవు. కోపంతో లాగితే గుర్రం తల ఎగరేసి తిరగబడుతుంది. నిదానంగా అడిగితే వింటుంది. రేపు జిల్లాలో వేలమంది మీద అధికారం చేతికి రాబోయే యువకుడికీ యువతికీ ఈ సంగతి ఉపన్యాసంలో కన్నా ఆ ఇసుక మైదానంలో బాగా అర్థమవుతుంది.

అందుకే ఈ యాభై ఏళ్ల సందర్భంగా నాదొక విన్నపం. ప్రతి ప్రొబేషనర్ గుర్రం ఎక్కే ముందు కొన్ని ఉదయాలు సయీస్ (గుర్రాల బాగోగులు చూసేవాడు) పక్కన ఉండి, గుర్రాన్ని మాలీషు చేసి, పొడవు పగ్గాలు పట్టుకుని నడవాలి. గుర్రం పేరుతో పాటు దానికి తొలి అడుగులు నేర్పిన సయీస్ పేరు కూడా అశ్వశాల రిజిస్టరులో రాయాలి. రేపు శతాబ్ది సంచిక రాసేవాళ్లకు ఆ పేర్లు దొరకాలి.