కేబుల్ టెలివిజను – స్వంత నాటకమాలలు

నాటకము నెగ్గినదో లేదో తెలిసికొనుటకు చూచినవారిని లెక్కించుట లోకములోని వాడుక. అమెరికాలోని కేబుల్ టెలివిజను సంస్థల చరిత్రలో ఈ కొలత చాలలేదు. ఎందుచేతనో శ్రోతలకు కొంత మనవిచేసెదను.

1972 నవంబరు 8వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి విల్క్స్-బారె పట్టణమున హెచ్.బి.ఓ. సంస్థ ప్రసారము మొదలిడినప్పుడు దాని చందాదారులు 365 మంది మాత్రమే. నాడు చూపినవి ఒక హాకీ పందెమును, ఒక సినిమాయును. పరుల సినిమాలను చూపుటయే చిరకాలము దాని ముఖ్య వ్యాపారము. దానికి ప్రకటనలు లేవు. గృహస్థులు నెలనెలా చెల్లించు చందాయే ఆధారము. కనుక ఒక రాత్రి ఎందరు చూచిరన్న దానికన్న, చందా మానక ఎందరు నిలిచిరన్నదే దానికి ముఖ్యము. 1999లో ఆరంభమైన 'ది సోప్రానోస్' వారిని నిలిపినది. ఉత్తమ నాటకమాల కిచ్చు ఎమ్మీ బహుమానము 2004లో తొలిసారిగా కేబుల్ సంస్థకు దక్కినది దానివలననే. 2002లో వచ్చిన 'ది వైర్'కు చూపరులు స్వల్పము. ఎమ్మీ ఒక్కటియు రాలేదు. అయినను 2008 వరకు అయిదు భాగములును నడచినవి. ప్రకటనలపై బ్రదుకు పెద్ద సంస్థలలో అట్టి నాటకమునకు అంత ఆయువు అరుదు.

నాకు ఇంతకన్న వింతగా తోచునది ఏ.ఎం.సి. కథ. 1984లో పుట్టిన ఈ సంస్థ పాత సినిమాలకు నిలయము. కేబుల్ కంపెనీలు ఇంటికింత యని దానికి సొమ్ము చెల్లించును. ఆ యింటివారు చూచినను, చూడకున్నను ఒకటియే. మన పల్లెలలో వీధిభాగవతమునకు, చూడబోని వారును చందా వేసినట్లే యనుకొనుడు. కాని పాత సినిమాలు మరియొకరును చూపగలరు. 'నీవు లేకున్న మాకేమి లోటు?' అని కంపెనీవారడిగిన బదులు చెప్పవలెను గదా! ఆ బదులే 2007లో వచ్చిన 'మ్యాడ్ మెన్'. హెచ్.బి.ఓ. స్వీకరింపని నాటకమది. తొలియేట చూచినవారు సగటున పదిలక్షలకు లోపే. 2008 మొదలు 2011 వరకు వరుసగా నాలుగేండ్లు ఉత్తమ నాటకమాల బహుమానము దానిదే.

2008 జనవరిలో 'బ్రేకింగ్ బ్యాడ్' తొలి ప్రదర్శనమును చూచినవారు సుమారు 14 లక్షలు. 2013 సెప్టెంబరు 29న కడపటి ప్రదర్శనమును చూచినవారు కోటికి పైబడిరి. నడుమ ఏమి జరిగినది? జరిగిన భాగములను నెట్‌ఫ్లిక్స్‌లో ఒక్క బిగిని చూచిన జనము, క్రొత్తవానికై ఏ.ఎం.సి.కి వచ్చిరి. ఇంటికి వచ్చిన ఈ చుట్టమే పిమ్మట ఇల్లు ఖాళీ చేయించినది. ఇంటర్నెట్టున నాటకములు దొరకగా కేబుల్ తీగ తీయించుకొను గృహస్థులు ఏటేట పెరిగిరి. ఇంటికింత యను ఆదాయమును తరుగజొచ్చెను.

మరియొక చిక్కు, యాజమాన్యము. 'మ్యాడ్ మెన్' లయన్స్‌గేట్ వారిది, 'బ్రేకింగ్ బ్యాడ్' సోనీ వారిది, ఏ.ఎం.సి.కి ప్రతిష్ఠ మిగిలినది. అందుచే 2010లో 'ది వాకింగ్ డెడ్'ను తానే నిర్మించెను. దాని లాభముల వాటాకై రూపకర్త ఫ్రాంక్ డారబాంట్ 2013లో వ్యాజ్యము వేయగా, 2021లో 20 కోట్ల డాలర్లిచ్చి రాజీపడవలసి వచ్చెను. అంతకు ముందటియేడే, 2020లో, ఏ.ఎం.సి. 'ఏ.ఎం.సి. ప్లస్' అను పేర ఇంటర్నెట్టున తానును గృహస్థులను నేరుగా చందా యడుగ మొదలిడెను.