లేసుసూదియు బిడ్డల టోపీయు

వేసవిలో సముద్రతీరమునకు పోవు బిడ్డలకు ఒకే రంగు నూలుతో ఒక టోపీని, దానికి జతగా ఒక చేతిసంచిని అల్లి యిచ్చుట పాశ్చాత్యదేశములలో తల్లులకొక వేడుక. ఇంత చిన్న వస్తువునకు చరిత్ర యేమి యుండునని పాఠకులు నవ్వవచ్చును. రాజుల యుద్ధములు మాత్రమే చరిత్రమని నమ్మువారితో మాకు వాదము లేదు. కాని యొక దేశపు స్త్రీలు దినమెల్ల ఏమి పని చేసిరి, ఆ పనికి వారికేమి ముట్టెను అను ప్రశ్నలును చరిత్రకు సంబంధించినవే యని తలచువారికి ఈ టోపీ కొంత చెప్పగలదు.

మొదట పని యెట్టిదో చూతము. కొనయందు చిన్న కొక్కెముగల సూది యొకటి, దారము ఒకటి; ఇంతకు మించి పనిముట్టు అక్కరలేదు. ఫ్రెంచి భాషలో క్రోషే యనగా చిన్న కొక్కెము. పనికి ఆ పేరే నిలిచినది. మన గోదావరి సీమలో దీనిని లేసుపని యందురు. టోపీని నడినెత్తినుండి ఆరంభింతురు. దారమును వలయముగా చేసి, అందు ఆఱు కుట్లు వేసి, పిమ్మట ప్రతి చుట్టునకును ఆఱేసి కుట్లు పెంచుదురు. రెండవ చుట్టునకు 12, మూడవదానికి 18, నాలుగవదానికి 24. ఇట్లు చేసినచో అది ముడుతలు పడక బిళ్లవలె పరచుకొనును. వృత్తమున వ్యాసార్ధము ఒక అంగుళము పెరిగినచో చుట్టుకొలత ఆఱంగుళములకు కొంచెము మించి పెరుగునని బడిపిల్లలు చదువుదురు. కుట్టుయొక్క ఎత్తును వెడల్పును ఇంచుమించు సమానమగుటచే ఆ లెక్కయే ఇచ్చటను చెల్లును. తలకు చాలినంత వెడల్పు వచ్చినపుడు పెంచుట మానినచో అల్లిక క్రిందికి దిగును. మరల పెంచినచో ముఖమునకు నీడనిచ్చు అంచు ఏర్పడును. సంచికిని ఆరంభము ఇదియే. అడుగున బిళ్ల అల్లి, పెంచుట మాని, చుట్టును గోడవలె లేపి, రెండు పిడులు తగిలించినచో సంచి సిద్ధమగును. తలక్రిందు చేసిన టోపీయే సంచి! అందుచేతనే ఆ రెండింటికిని జత అంత చక్కగా కుదురును.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి యొకటి కలదు. మేజోళ్లు అల్లు యంత్రమును ఇంగ్లండులో విలియం లీ 1589లోనే కల్పించెను. వలవంటి లేసుగుడ్డను నేయు యంత్రమునకు జాన్ హీత్‌కోట్ 1809లో రాజశాసనమువలన హక్కు పొందెను. కొక్కెపుసూది పనిని విరివిగా చేసి అంగడికి పంపు యంత్రము మాత్రము నేటికిని వాడుకలోనికి రాలేదు. చూపునకు దానిని పోలిన సరకు యంత్రములపై పుట్టుచున్నది గాని, ఆ అల్లిక వేఱు. కావున అంగడిలో నిజమైన క్రోషే టోపీ వ్రేలాడుచున్నచో, దానిలోని ప్రతి కుట్టును ఎవరో యొకరి చేయి వేసినదే. ఆ చేయి ఎవరిది?

ఈ ప్రశ్నకు ఐర్లండు దేశము మొదటి యుత్తరము చెప్పును. 1845లో అచ్చట ఉర్లగడ్డ పంటకు తెగులు తగిలి ఘోరమైన కఱవు సంభవించెను. కార్కు పట్టణప్రాంతమున ఉర్సులైను సన్యాసినులును, క్లోన్సు అను ఊర 1847లో మతగురువు భార్యయగు కాసాండ్రా హ్యాండు అను నామెయు, బీదస్త్రీలకు జీవనోపాయముగా ఈ విద్యను వ్యాపింపజేసిరి. వెనీసు నగరపు ప్రసిద్ధమైన సూదిలేసును అనుకరించుచు, దానికంటె త్వరగా ముగియు పని యిది. ఒకతె గులాబిపూవును, ఒకతె ఆకును అల్లగా, వేఱొకతె వానిని కలిపెడిది. ఎందఱో కుటుంబములు ఈ సూదివలన బ్రతికినవి. ఆ లేసు లండను, పారిసు నగరముల ధనికస్త్రీల దుస్తులపైకి ఎక్కినది.

ఐర్లండున కఱవు పుట్టుటకు ఒక యేడు ముందే, అనగా 1844లో, క్రైస్తవ మిషనరీలు ఈ విద్యను గోదావరి సీమకు తెచ్చిరని చెప్పుదురు. వాసిష్ఠగోదావరి యొడ్డున నున్న నరసాపురము దానికి నిలయమైనది. మొదట క్రైస్తవమతము పుచ్చుకొనిన బీదకుటుంబముల స్త్రీలు నేర్చిరి. తరువాత ఘోషా పాటించు రైతుకుటుంబముల స్త్రీలును చేపట్టిరి. గడప దాటకుండ చేయదగిన పని యగుటయే దాని ఆకర్షణము. ఇచ్చటను పనిని ముక్కలుగా విభజించిరి: పూవులను అల్లునది చేతిపని, వానిని కలుపునది అతుకుపని. పూవు అల్లిన స్త్రీ, తన పూవు చేరిన బల్లగుడ్డను చూచుట అరుదు. అది ఓడనెక్కి ఏ దేశమునకు పోయినదో, ఎంతకు అమ్ముడైనదో ఆమె యెఱుగదు.

జర్మను దేశస్థురాలగు మరియా మీస్ అను సామాజికశాస్త్రవేత్త నరసాపుర ప్రాంతమున పరిశోధనచేసి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటిచాకిరి యంతయు చేసికొనిన పిమ్మట ఆ స్త్రీలు దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లుచుండిరి. ఐనను వారికి ముట్టు దినకూలి, పొలములో పనిచేయు స్త్రీకి ప్రభుత్వము నిర్ణయించిన కనీసకూలికి చాల తక్కువగా నుండెను. కారణమేమి? వారు కార్మికులు కారట. తీరిక వేళను వృథాపుచ్చక ఏదో అల్లుకొను గృహిణులట! ఈ యొక్క మాటచేత ఎనిమిది గంటల శ్రమ 'తీరిక' అయిపోయినది. మీస్ చూపిన సత్యములలో మాకు మిక్కిలి గట్టిగా తగిలినది ఇదియే.

2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇక అన్యప్రాంతపు సరకును ఆ పేరుతో అమ్మరాదు. ఇది సంతోషకరమే. కాని ఈ గుర్తింపు పేరును కాపాడును గాని కూలిని నిర్ణయింపదు. వందపూవులకు ఇంత యని వెల కట్టునది ఎవరు, ఆ లెక్కను సరిచూడగలవా రెవరు అను ప్రశ్న అట్లే యున్నది.

నరసాపురమునకు ఎగువను, అదే గోదావరి యొడ్డున, ధవళేశ్వరములో వీరేశలింగము పంతులుగారు 1874లో బాలికాపాఠశాల పెట్టిరి. ఆడపిల్లలకు అక్షర మెందులకని నాడు అడిగినవారు చాలమంది. వారికి మేమొక ప్రత్యుత్తరము చెప్పెదము. ప్రతి చుట్టునకు ఆఱు కుట్లు పెంచి వృత్తమును తప్పక నిలుపు స్త్రీకి గణితము రాదనుట వట్టిమాట. ఆమెకు లేనిది బుద్ధి కాదు. తాను అమ్మిన సరకు చిట్టా తానే వ్రాసికొనుట, వర్తకుని లెక్కను చదువుట, పదిమందితో చేరి ధరను అడుగుట. బాలికలకు చేతిపనులు నేర్పు బడులలో సూదితోపాటు ఈ మూడింటిని నేర్పవలెనని మా మనవి.

బిడ్డకు టోపీని తల్లి తానే అల్లి యిచ్చినచో, ఆ గంటలకు బిడ్డ నవ్వు చాలును. అంగడిలో కొన్నపుడు మాత్రము, అది చౌకగా దొరకినదని సంతసించుటకు ముందు, దానిని అల్లుటకు ఎన్ని గంటలు పట్టెనో ఒకసారి లెక్కించి చూడుడు. లెక్క కష్టమైనది కాదు. చుట్లు కంటికి కనబడుచునే యున్నవి.