తొలి పాలు: హకీముల మాట, ఫఖీహుల మాట

ఒక మాట గ్రంథంలో ఉన్నంత మాత్రాన అది ధర్మం కాజాలదు. పూర్వ విద్వాంసుడు వ్రాసినంత మాత్రాన అది షరీఅత్ ఆజ్ఞ కూడా కాదు. ఈ సంగతి మదరసాలో మాకు తొలి సంవత్సరాలలోనే నేర్పారు. అయితే దాని బరువు ఎంతటిదో మా ఇంట జరిగిన ఒక కాన్పు సందర్భంలో నాకు బోధపడింది.

మా చెల్లెలి కుమార్తెకు తొలి సంతానం కలిగింది. తల్లికి వచ్చే ఆ చిక్కని పసుపుపచ్చని పాలు పిండి పారబోయాలనీ, మూడు దినాలు బిడ్డకు తల్లి పాలు పట్టరాదనీ, అంతవరకు తేనె నాకించాలనీ ఇంటిలోని పెద్దావిడ పట్టుబట్టింది. ఆసుపత్రి నర్సు అందుకు పూర్తిగా విరుద్ధంగా చెప్పింది. ఇద్దరి మధ్య నలిగిపోయిన ఆ పిల్ల, "మామూ, కితాబుల్లో ఏమున్నదో మీరే చెప్పండి" అని కన్నీళ్ళతో అడిగింది. "నేను చెబుతున్నది కితాబుల్లోని మాటే" అన్నది పెద్దావిడ. నర్సు మాట వినమని అప్పటికి సలహా ఇచ్చాను. బిడ్డ తల్లి పాలే త్రాగింది. కాని ఇంటికి వచ్చి గ్రంథాలు తెరచి చూస్తే, పెద్దావిడ మాట కేవలం కల్పన కాదని తేలింది. అది ఎక్కడి నుండి వచ్చింది? దానికి ఎదురుగా మన గ్రంథాలలోనే మరే మాట ఉన్నది? ఈ రెండు విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హకీముల మాట

డమాస్కస్ నగరానికి చెందిన ఇమాం ఇబ్నుల్ ఖయ్యిమ్ (మ. హి. 751, క్రీ.శ. 1350) నవజాత శిశువుకు సంబంధించిన ధర్మాలపై 'తుహ్ఫతుల్ మౌదూద్' అనే గ్రంథం రచించారు. అఖీఖా, నామకరణం మొదలైన విషయాలతో పాటు శిశు పోషణను గురించి కూడా అందులో ఒక అధ్యాయం కలదు. ప్రసవానంతరం రెండు మూడు దినాలు శిశువుకు తల్లి కాక మరొక స్త్రీ పాలివ్వడం మేలని, ఆ సమయంలో తల్లి పాలు చిక్కగా ఉండి దోషాలతో కూడి ఉంటాయని ఆయన అభిప్రాయపడ్డారు. అదే అధ్యాయంలో శిశువు ఏడుపుకు తల్లిదండ్రులు బెంబేలెత్తరాదని, పాలు మాన్పించడం మితమైన ఋతువులో క్రమక్రమంగా జరగాలని మంచి సలహాలు కూడా ఉన్నవి.

ఇబ్నుల్ ఖయ్యిమ్ కంటే మూడు శతాబ్దాలకు పూర్వమే ఇబ్న్ సీనా (980-1037) తన 'అల్ ఖానూన్' మొదటి సంపుటంలో ఇటువంటి మాటే వ్రాశారు. గర్భంలో శిశువు పొందిన ఆహారానికి తల్లి పాలే అత్యంత సన్నిహితమని, సాధ్యమైనంతవరకు తల్లియే పాలివ్వాలని ఆయన స్పష్టం చేశారు. తల్లి స్తనాన్ని నోటికి అందించడమే శిశువు బాధలు తీర్చడంలో ఎంతో ఉపకరిస్తుందన్నారు. మెల్లగా ఊపడం, జోలపాట పాడడం శిశువుకు హితమని కూడా ఆయన వ్రాశారు. అయినప్పటికీ, తల్లి శరీర ప్రకృతి కుదుటపడేవరకు తొలుత మరొక స్త్రీ పాలివ్వడం మంచిదన్నారు. మొదట్లో దినానికి రెండు మూడు పర్యాయాలు పాలిస్తే చాలునన్నారు. నేటి వైద్యులు దినానికి 8 నుండి 12 పర్యాయాలు పట్టమంటారు. అంతటి మహా వైద్యుడు కూడా తన కాలపు విజ్ఞానపు హద్దులకు లోబడినవాడే.

ఇంకా వెనుకకు వెళ్ళితే మూలం యవన వైద్యంలో కనిపిస్తుంది. క్రీ.శ. 2వ శతాబ్దం తొలి భాగంలో రోము నగరంలో వైద్యం చేసిన ఎఫెసస్ వాసి సొరానస్, తల్లి పాలు దాదాపు ఇరవై దినాల వరకు మంచివి కావని, శిశువుకు మొదట తేనె నాకించాలని బోధించాడు. యవన వైద్య గ్రంథాలు 9వ శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ (మ. 873) తదితరుల కృషి వల్ల అరబీలోకి అనువదించబడ్డాయి. ఆ అనువాదాలు మానవజాతికి చేసిన మేలు అపారం. వాటితో పాటు యవనుల పొరపాట్లు కూడా అరబీ దుస్తులు ధరించి వచ్చాయి. కాలక్రమాన ధర్మ గ్రంథాల సరసన కూర్చొని ధర్మపు గౌరవాన్ని పొందాయి. ముర్రుపాలు పారబోసే ఆచారం మన దేశంలో ముస్లిమేతర కుటుంబాలలో కూడా చాలాచోట్ల ఉండేది. కనుక మన ఇళ్ళలోని ఆచారమంతా గ్రంథాల నుండే దిగివచ్చిందని చెప్పలేము. కాని గ్రంథాలలోని ఆ మాట ఆచారానికి అండగా నిలిచిందనడంలో సందేహం లేదు.

ఫఖీహుల మాట

ఇప్పుడు రెండవ పక్షం చూద్దాం. ఇమాం నవవీ (మ. హి. 676, క్రీ.శ. 1277) కూడా డమాస్కస్ విద్వాంసులే. ఇబ్నుల్ ఖయ్యిమ్ కంటే ముందు తరంవారు. షాఫిఈ ఫిఖ్హ్‌లో ప్రామాణికమైన 'మిన్‌హాజుత్ తాలిబీన్' గ్రంథంలో ఆయన పాలిచ్చే విషయాన్ని చర్చిస్తూ, తన బిడ్డకు 'లిబఅ' పట్టడం తల్లి విధి అని తీర్మానించారు. ఆ తరువాతి పాల విషయంలో మరొక స్త్రీ లభిస్తే తల్లిని నిర్బంధించరాదన్నారు. తొలి పాల విషయంలో మాత్రం ఈ సడలింపు లేదు. అవి లేకుండా శిశువు సాధారణంగా బ్రతకడని వ్యాఖ్యాతలు కారణం చెప్పారు.

'లిబఅ' అనే పదాన్ని తెలుగు చేయవలసి వచ్చినప్పుడు మొదట నా కలానికి తోచిన మాట 'జున్నుపాలు'. కాని అది పశువుల పాలకు చెప్పే మాట. తల్లికి తొలి దినాలలో వచ్చే పాలను మన స్త్రీలు 'ముర్రుపాలు' అంటారు. పెద్దావిడ పారబోయమన్న పాలూ, ఇమాం నవవీ విధిగా పట్టమన్న పాలూ ఒక్కటే!

హనఫీ ఫఖీహులు పాలివ్వడాన్ని తల్లి నైతిక బాధ్యతగా పరిగణించారు. శిశువు మరెవ్వరి పాలూ పట్టనప్పుడు తప్ప న్యాయస్థానం ఆమెను నిర్బంధించరాదన్నారు. తెలుగునాట అత్యధికులు హనఫీలే. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన హద్రమీ అరబ్బుల సంతతివారు షాఫిఈలు. ముర్రుపాలు పారబోయమని ఈ రెండు మద్‌హబులలో ఏదీ ఆదేశించలేదు.

ఇక తహ్నీక్ సంగతి. మదీనాలో ముహాజిర్లకు పుట్టిన తొలి బిడ్డ హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ జుబైర్ (రజి) నోటిలో దైవప్రవక్త (స) నమిలిన ఖర్జూరాన్ని అంగిట తాకించిన వృత్తాంతం పాఠకులకు విదితమే. అది ఆశీర్వాదపూర్వకమైన ఒక స్పర్శ మాత్రమే. తల్లి పాలను మూడు దినాలు ఆపమని ఆ హదీసులలో ఎక్కడా లేదు. సంవత్సరం నిండని శిశువుకు తేనె ప్రమాదకరమని నేటి వైద్యులు హెచ్చరిస్తున్నారు. తేనెలో ఉండగల సూక్ష్మజీవుల వల్ల శిశువులకు 'బొటులిజం' అనే తీవ్ర వ్యాధి సోకవచ్చు. ముర్రుపాలలో వ్యాధి నిరోధక పదార్థాలు సమృద్ధిగా ఉంటాయనీ, పుట్టిన గంట లోపలే పాలు పట్టాలనీ, ఆరు మాసాలు తల్లి పాలు తప్ప మరేమీ అవసరం లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది.

భారం ఎవరిది?

అయితే, తల్లికి విధులు మాత్రమే వినిపించి ఊరుకుంటే మనం సగమే చెప్పినవారమవుతాము. దివ్య ఖుర్ఆన్ 'అల్ బఖరా' అధ్యాయం 233వ వాక్యం రెండు సంవత్సరాల పాల గడువును పేర్కొంటూనే, పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారాన్ని తండ్రిపై మోపింది. బిడ్డ కారణంగా తల్లిని బాధించరాదన్నది. గడువుకు ముందే పాలు మాన్పించాలంటే ఇద్దరూ సంప్రదించుకొని, ఇద్దరి సమ్మతితో చేయాలన్నది. విడాకులు పొందిన స్త్రీ పాలిస్తే ఆమెకు ప్రతిఫలం చెల్లించమని 'అత్ తలాఖ్' అధ్యాయం ఆదేశిస్తున్నది. అంటే పాలివ్వడం ఒక శ్రమగా, విలువ గల సేవగా గుర్తించబడినది.

ఈ దృష్టి పాలనలోకి కూడా వచ్చిన వైనం ఇబ్న్ సఅద్ (మ. హి. 230, క్రీ.శ. 845) 'తబఖాత్'లో నమోదై ఉన్నది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో (634-644) పాలు మానిన పిల్లలకే బైతుల్ మాల్ నుండి భత్యం లభించేది. ఒక రాత్రి మదీనాలో విడిది చేసిన వర్తకుల బిడారానికి ఆయన కాపలా కాస్తూ ఒక శిశువు ఏడుపు విన్నారు. రెండు మూడు పర్యాయాలు వెళ్ళి తల్లిని మందలించారు. తనతో మాట్లాడుతున్నది ఎవరో తెలియని ఆ తల్లి, ఉమర్ పాలు మానిన వారికే భత్యమిస్తాడు గనుక బిడ్డకు గడువుకు ముందే పాలు మాన్పిస్తున్నానన్నది. ఆనాటి ఫజ్ర్ నమాజులో ఆయన దుఃఖం వల్ల జనానికి ఖిరాఅత్ స్పష్టంగా వినిపించలేదట. తరువాత ఆయన, పాలు మాన్పించడానికి తొందరపడవద్దనీ, ఇకపై పుట్టిన ప్రతి శిశువుకూ భత్యం ఉంటుందనీ చాటింపు వేయించి, రాష్ట్రాలకు లేఖలు వ్రాయించారు. నవజాత శిశువుకు నిర్ణయించిన మొత్తం నూరు దిర్హములు.

ఈ వృత్తాంతంలో మనం గమనించవలసినది ఒకటి ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) మొదట తల్లిని మందలించారు. కారణం తెలిసిన తరువాత ఆ తల్లిని దండించక, తన చట్టాన్ని మార్చుకున్నారు.

నేడు తొలి కాన్పు అయిన ప్రతి యువతి చుట్టూ మందలించేవారు పదిమంది ఉంటారు. ఆమెకు వేళకు అన్నం పెట్టి, రాత్రి ఒక గంట బిడ్డను ఎత్తుకొని ఆమెను నిద్రపోనిచ్చేవారు తక్కువ. పాలు చాలక, లేదా అనారోగ్యం వల్ల పాలివ్వలేని తల్లిని నిందించే అధికారం కూడా ఎవరికీ లేదు. మరొక స్త్రీ చేత పాలిప్పించడానికి షరీఅత్ అనుమతి ఉన్నది. నేడు వైద్యుల సలహాతో ఇతర మార్గాలూ ఉన్నవి.

ఇబ్నుల్ ఖయ్యిమ్ గారి పట్ల గౌరవం తగ్గించడానికి ఈ వ్యాసం వ్రాయలేదు. తన కాలపు హకీములను నమ్మి ఆయన ఆ మాట వ్రాశారు. మన కాలపు వైద్యులను నమ్మడం ఆయన మార్గాన్ని విడిచిపెట్టడం కాదు. గ్రంథంలో ఏది దైవవాక్యమో, ఏది ఫఖీహు తీర్మానమో, ఏది హకీము అభిప్రాయమో విడదీసి చూపడం అనువాదకుని విధి. ఆ విధి మేము నెరవేర్చని చోట ముర్రుపాలు నేలపాలవుతాయి.

ఆ రాత్రి నా మేనకోడలికి నేను ఇవ్వలేకపోయిన సమాధానం ఇది. ఆలస్యంగానైనా పెద్దావిడకు కూడా చదివి వినిపించాను. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "మాకు ఎవరూ చదివి చెప్పలేదు నాయనా" అన్నది.