ఖైదీ చేతికి పది దిర్హములు



అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో దిక్కులేని ఖైదీలు సంకెళ్లతోనే బయటికి వచ్చి, యాచించి పొట్ట నింపుకునేవారు. ప్రధాన ఖాజీ ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) దీనిని సహించలేకపోయారు. ఖలీఫా కోరికపై తాము రచించిన ‘కితాబుల్ ఖరాజ్’ పన్నుల గ్రంథమే అయినా, అందులో కొన్ని పుటలు ఖైదీలకే కేటాయించారు. ఏ ఆధారమూ లేని ఖైదీని సదఖా సొమ్ముతోనో, బైతుల్‌మాల్ నుండో పోషించవలసిందే అన్నారు. యుద్ధంలో చిక్కిన ముష్రిక్కుకే అన్నం పెడుతున్నప్పుడు, తప్పు చేసిన ముస్లింను ఆకలికి వదిలివేయగలమా అన్నది ఆయన వాదన.

ఆయన సూచనలలో ఎంత లోకజ్ఞానం ఉందో చూడండి. రొట్టెలు పంపవద్దు, చెరసాల సిబ్బంది కాజేస్తారు; రొక్కమే ఇవ్వండి అన్నారు. ఒక సజ్జనుని నియమించి, ఖైదీల పేర్లు దఫ్తరులో వ్రాయించి, నెలనెలా ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి పది దిర్హములు స్వయంగా చేతిలో పెట్టాలి. చలికాలానికి, వేసవికి వేర్వేరుగా దుస్తులివ్వాలి. దిక్కులేని ఖైదీ మరణిస్తే శవం ఒకటి రెండు రోజులు అలాగే పడి ఉండేదట. చివరికి తోటి ఖైదీలే చందాలు పోగుచేసి, కూలివానితో మోయించి, గుసుల్, కఫన్, జనాజా నమాజు లేకుండానే పాతిపెట్టించేవారట. ఆ ఖర్చూ బైతుల్‌మాల్‌దేనని ఇమామ్ తేల్చిచెప్పారు.

తరువాత, హిజ్రీ 4వ శతాబ్దపు తొలినాళ్లలో, వజీరు అలీ బిన్ ఈసా వైద్యుడు సినాన్ బిన్ సాబిత్‌కు ఒక లేఖ వ్రాశారు. కిక్కిరిసిన చెరసాలలలో వ్యాధులు తప్పవని, రోగులు వైద్యుని వద్దకు రాలేరు గనుక వైద్యులే ప్రతిదినం మందులతో లోపలికి వెళ్లాలని ఆదేశించారు.

మత్తుకు బానిసైనవాని మాట వచ్చేసరికి మన హృదయాలు మరింత బిగుసుకుపోతాయి. మద్యం మానలేక పలుమార్లు శిక్ష పొందిన ఒక సహాబీని ఎవరో శపించగా, మహాప్రవక్త (సఅసం) వారించారు. ఆయన అల్లాహ్‌ను, ప్రవక్తను ప్రేమించేవాడని సాక్ష్యమిచ్చారు. శిక్ష అమలైంది, కాని ఆ మనిషి సమాజం నుండి వెలికాలేదు. మన జకాత్ జాబితాలలో మాత్రం ఇటువంటివారి పేర్లు అరుదు. ఇంటివారు సిగ్గుతో అడగరు, మనమూ విచారించము.

ఇక మస్అలా. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము పేదవాని సొంతం కావాలి. కనుక వ్యసన విముక్తి కేంద్రం కట్టడానికి జకాత్ చెల్లదు; దానికి సదఖా, వక్ఫ్ ఉన్నాయి. అయితే అక్కడ చికిత్స పొందుతున్న, నిసాబ్ లేని ముస్లింకు జకాత్ ఇస్తే, దానితో అతడు రుసుము చెల్లించుకోవచ్చు. జరిమానా కట్టలేక జైలులోనే మిగిలిపోయిన పేద ముస్లింకూ ఇంతే. నగదు చేతికిస్తే మళ్లీ మత్తుకే పోతుందన్న భయం సహేతుకమైనదే. అటువంటప్పుడు, అతడు అనుమతిస్తే, అతడు బాకీపడిన రుసుమును అతని తరఫున మనమే కేంద్రానికి చెల్లించవచ్చు. ముందుగా అతనిని అడగాలి.