అమ్మ చూసే హోరలో గ్రీకు దేవతలు

మొన్న మంగళవారం పొద్దున్నే నల్లచెరువులో మా ఇంట్లో జరిగిన ముచ్చట ఇది. మా మేనకోడలు గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటా ఉంది. "మామా, ఈ గ్రీకు దేవుళ్ళ పేర్లకు నాలిక తిరగడం ల్యా. జ్యూస్ అంట, హెర్మీస్ అంట. మనకెందుకు మామా ఇవి?" అనింది. నేను కదిరికి పోదామని బండి తీస్తావుంటి. వసారాలో కూచున్న మా యమ్మ "ఇప్పుడు కుజహోర నడస్తాంది, అది దాటినాక పోరా" అని కేకేసింది. నాకు నవ్వొచ్చింది. "పాపా, మీ అవ్వ ఇప్పుడు మాట్లాడింది గ్రీకే" అన్నా. ఇద్దరూ నన్ను పిచ్చోన్ని చూసినట్ల చూసినారు.

నేను చదివింది తక్కువే. తక్కినదంతా లైబ్రరీలో కూచోని ఏరుకున్నదే. అట్ల ఏరుకున్నదాంట్లో నన్ను బాగా ఆశ్చర్యపెట్టింది ఈ హోర సంగతే. హోర అనేది గ్రీకు మాట. వాళ్ళ భాషలో దానికి కాలం, గడియ, రుతువు అని అర్థాలు. అంతేకాదు, హోరలు గ్రీకోళ్ళకు దేవతలు కూడా. జ్యూస్‌కూ, థెమిస్ అనే ధర్మదేవతకూ పుట్టిన ముగ్గురు ఆడబిడ్డలు. ఒకామె యునోమియా, అంటే మంచి కట్టుబాటు. ఇంకొకామె డైకీ, అంటే న్యాయం. మూడో ఆమె ఐరీనీ, అంటే శాంతి. కాలం సరిగ్గా నడవాలంటే ఊర్లో కట్టుబాటు, న్యాయం, శాంతి ఉండాలని వాళ్ళ లెక్క.

ఈ మాట మన పంచాంగంలోకి ఎట్లొచ్చింది? అలెగ్జాండర్ దండయాత్ర తర్వాత వాయవ్య దిక్కున గ్రీకు రాజులు ఏలినారు. పడమటి తీరంలో ఓడ వ్యాపారం నడిచింది. వాళ్ళనే మనోళ్ళు యవనులు అన్నారు. వాళ్ళ జాతకశాస్త్రం 'యవనజాతకం' పేరుతో సంస్కృతంలోకి వచ్చింది. 6వ శతాబ్దంలో ఉజ్జయిని వరాహమిహిరుడు 'బృహజ్జాతకం' రాసినాడు. ఆ పుస్తకంలో గ్రహాలకు మన పేర్ల పక్కనే గ్రీకు దేవుళ్ళ పేర్లు కూడా పెట్టినాడు. సూర్యుడు హేలి, అది హీలియోస్. కుజుడు ఆర, అది యుద్ధదేవుడు ఏరీస్. బుధుడు హేమ్న, అది దేవుళ్ళ కబురు మోసే హెర్మీస్. శుక్రుడు ఆస్ఫుజిత్తు, అది వలపుల దేవత ఆఫ్రొడైటీ. శని కోణుడు, అది జ్యూస్ తండ్రి క్రోనస్.

రాశులకు కూడా అంతే. మేషం క్రియ, గ్రీకులో క్రియోస్ అంటే పొట్టేలు. వృషభం తావురి, టౌరోస్ అంటే ఎద్దు. సింహం లేయ, లెయోన్. కన్య పాథోన, పార్థెనోస్. కుంభానికి హైడ్రోఖోస్, అంటే నీళ్ళు పోసేటోడు అని వాళ్ళ పేరు. అది మన నోట్లో పడి 'హృద్రోగ' అయింది. నీళ్ళ కుండ కాస్తా గుండెజబ్బు అయి కూచుంది! పేర్లు ఊర్లు తిరిగితే ఇట్లాంటి చోద్యాలు జరుగుతాయి.

హోరకు కూడా ఇంటిపేరు మార్చే పని జరిగింది. 'అహోరాత్రం'లో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోర మిగులుతుందని కొందరంటారని వరాహమిహిరుడే రాసినాడు. అయినా ఆయన యవనుల పేర్లను చెరిపేయలేదు. వాళ్ళు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వాళ్ళ దగ్గర బాగా ఉంది కాబట్టి రుషుల మాదిరి గౌరవం పొందుతున్నారని ఇంకో గ్రంథంలో చెప్పినాడు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళా దీని దగ్గరికే వస్తా.

వారాల పేర్లు కూడా హోర లెక్కతో పుట్టినవే. గ్రహాలను ఈ వరసలో పెట్టుకోండి: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. దినానికి 24 హోరలు. శనివారం తొలి హోర శనిది. ఇట్ల వరసగా తిప్పుకుంటా పోతే 25వది, అంటే మర్నాటి తొలి హోర, రవిది. అందుకే శనివారం తర్వాత ఆదివారం. అట్లనే ఆదివారం తర్వాత చంద్రునిది సోమవారం, ఆ తర్వాత కుజునిది మంగళవారం. మన దేశంలో వారం పేరుతో తేదీ వేసిన పాత శాసనం మధ్యప్రదేశ్‌లోని ఎరాన్‌ది, 484 నాటిది. అందులో ఉండేది గురువారం.

పంచాంగం ఒక్కటే కాదు. లిప్తపాటు అంటాం కదా, ఆ లిప్త గ్రీకు 'లెప్టోన్'. పెళ్ళి జాతకాల్లో చూసే జామిత్రం 'డయామెట్రోస్'. ఇంగ అన్నిటికన్నా నాకు నచ్చింది కేంద్రం. గ్రీకులో 'కెంట్రోన్' అంటే ఎద్దును పొడిచే ముల్లుగర్ర! వృత్తం గీసేటప్పుడు నడిమధ్యన గుచ్చే మొనకు కూడా అదే పేరు, దాన్నుంచే మనకు కేంద్రం వచ్చింది. కేంద్ర ప్రభుత్వం అన్నప్పుడల్లా మా కదిరి తాలూకా రైతుకు ముల్లుగర్ర గుర్తుకొస్తే తప్పేమీ లేదు.

గ్రీకు దేవుళ్ళను గెలిచినోళ్ళు ఏం చేసినారో కూడా చూడాల. రోమనోళ్ళు గ్రీసును లోబరుచుకున్నారు. దేవుళ్ళను తమ దేవుళ్ళతో జత కలిపేసినారు. జ్యూస్ జూపిటర్ అయినాడు, ఏరీస్ మార్స్, హెర్మీస్ మెర్క్యురీ, ఆఫ్రొడైటీ వీనస్, క్రోనస్ శాటర్న్, సముద్రదేవుడు పొసైడన్ నెప్ట్యూన్. కథలు గ్రీకులవి, బోర్డు మాత్రం రోమనోళ్ళది. ఆకాశంలో గ్రహాలను ఈ పొద్దుకూ ఇంగ్లీషులో పిలిచేది రోమను పేర్లతోనే. 1781లో దొరికిన యురేనస్ ఒక్కదానికే గ్రీకు ఆకాశదేవుడు ఔరానోస్ పేరు నిలిచింది. చిత్రమేమంటే జ్యూస్, జూపిటర్, మన వేదంలోని ద్యౌస్ మూడూ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. జూపిటర్ అంటే ద్యౌష్పిత, ఆకాశ తండ్రి.

ఇప్పుడు మన ఊర్లకు వస్తా. మంగళవారం కుజునిది, అంటే ఏరీస్ పేరున్న దినం. మా పక్క మాత్రం మంగళవారం ఎవరిదంటే మారెమ్మది, గంగమ్మది అంటారు. యాడినుంచో వచ్చిన దినాన్ని మా అమ్మలు తమది చేసుకున్నారు. కదిరి నరసింహసామినే చూడండి. ఖదిర అంటే చండ్రచెట్టు, ఊరి పేరు దానిదే. జనం ఆయన్ను బేట్రాయి అంటారు, కాటమరాయుడు అంటారు. కన్నడంలో బేటె అంటే వేట. బేట్రాయి అంటే వేటరాయుడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే దేవునికి చుట్టుకోనుండాయి. ఏ పేరూ ఇంకో పేరును తరమలేదు.

కానీ ఈ మధ్య తరమడం మొదలైంది. మా పక్కనే ఒక ఊర్లో మారెమ్మ గుడికి సున్నం కొట్టి, కొత్త బోర్డు పెట్టినారు. బోర్డు మీద మారెమ్మ లేదు, మహాలక్ష్మి అని ఉంది. "మారెమ్మ అంటే మోటుగా ఉండాదన్నా, శాస్త్రంలో లేని పేరు" అన్నాడొక పెద్దమనిషి. పేరు మారితే ఏమవుతుందిలే అనుకుంటాం. మారెమ్మ పేరెత్తి పాడే ఆసాదాయన ఉండాడు. మహాలక్ష్మికి ఆయన దగ్గర పాట లేదు. ఆ ఏడు జాతరకు మైకులో క్యాసెట్టు పాట వేసినారు, ఆయన్ను ఎవరూ పిలవలేదు. పలక కొట్టే వాళ్ళకు గుడి ముందర ఉండే చోటు కూడా పోయింది. బోర్డు మీద ఒక్క పేరు మారింది, కింద నాలుగిళ్ళ హక్కు పోయింది.

లక్ష్మి మీద నాకు కోపం లేదు. శాస్త్రంలో లేదనే మాట మీదనే నా కోపం. శాస్త్రం రాసిన వరాహమిహిరుడే ఏరీస్‌ను ఆరుడని, ఆఫ్రొడైటీని ఆస్ఫుజిత్తని పుస్తకంలో కూచోబెట్టినాడు. సముద్రం అవతలి దేవుళ్ళకు చోటున్న శాస్త్రంలో, మన చెరువు కట్ట మీది అమ్మకు చోటు లేదంటే ఎట్ల?

అందుకే మా మేనకోడలికి ఒక పని చెప్పినా. గ్రీకు దేవుళ్ళ పట్టిక రాసుకున్న నోటుబుక్కులోనే ఇంకో పేజీ తియ్యమన్నా. మన ఊర్లోని అమ్మల పేర్లు, ఎవరి వంతు ఏ ఏడు, ఎవరు పాడతారు, ఎవరు పలక కొడతారు, అన్నీ మీ అవ్వనడిగి రాయమన్నా. మొదటి సాయంత్రానికే పదకొండు పేర్లు అయినాయి. అందులో నాలుగు నేను కూడా ఎప్పుడూ విననివి.

అన్నలారా, అక్కలారా, మీ ఊర్లో కూడా ఒక పేజీ తియ్యండి. పెద్దోళ్ళు ఉన్నప్పుడే అడగండి. బోర్డు రాసేటోడు రాకముందే రాయండి.