రెండవ పాకము: ఇంటి మద్యమును గూర్చి యొక విచారము

మద్యమును గూర్చి వ్రాసిన చరిత్రకారులు తఱచుగా దాని పన్నును గూర్చియే వ్రాసిరి. పాకమును గూర్చి వ్రాసినవారు తక్కువ. బొక్కసమునకు చేరిన రూపాయలకు లెక్కలు కలవు, కుండలో జరిగిన పనికి లేవు. ఇంట నొకమాఱు చక్కగా పులియబెట్టి కృతార్థుడైనవానికి పిమ్మట కలుగు ప్రశ్న యొక్కటే: రెండవమాఱు దేనిని వండవలెను? ప్రశ్న చిన్నదే. కాని దానికి సమాధానము చెప్పు నధికారము ఏ కాలమున నెవరికుండెనో విచారింపదగియున్నది.

1909లో మైసూరు శ్యామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున, రెండవ యధికరణము నిరువదియైదవ యధ్యాయము సురాధ్యక్షుని విధులను తెలుపును. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని అందు ఆఱు పానీయములు చెప్పబడినవి. మేదకమునకు ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము కావలెను. ద్రోణమునకు 16 ప్రస్థములు, ఆఢకమునకు 4 గనుక, నీరు 16, బియ్యము 2, కిణ్వము 3 పాళ్లగును. బియ్యముకంటె కిణ్వమే అధికము! కిణ్వమనగా మినుములు, బియ్యము, కొన్ని మూలికలు చేర్చి సిద్ధపఱచిన పులుపు ముద్ద. తరువాతిదైన ప్రసన్నకు పిండి 12 ఆఢకములు, అనగా 48 ప్రస్థములు. కిణ్వము 5 ప్రస్థములు మాత్రమే. మొదటి దానియందు ధాన్యమునకు ఒకటిన్నర రెట్లుండిన కిణ్వము రెండవ దానియందు పదియవ వంతునకు దిగినది. ఆసవమునకు వెలగపండు, ఫాణితము, తేనె. ఈ క్రమము వంట నేర్చుకొనువాని క్రమమేయని మేము చెప్పజాలము. కాని మేదకము కుదిరినవానికి ప్రసన్న దూరము కాదు. మొదటి కుండలో సాధించిన కిణ్వమే రెండవ కుండకు త్రోవ చూపును.

ఆ యధ్యాయముననే మఱియొక విశేషము కలదు. సురావ్యవహారమంతయు రాజాధీనమే యైనను, శుభకార్యములకు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును ఇంట చేసికొనుటకు కుటుంబీకునకు అనుమతి కలదు. ఏది చేయవలెనను ఎంపిక, కొంతవఱకైనను, గృహస్థునిదే.

నడిగూడెము ప్రాంతమున ఈ ప్రశ్న వేఱొక రూపము దాల్చును. ధాన్యములోని పిండిని తీపిగా మార్చు శ్రమ ఇచ్చట లేదు; చెట్టే తీయని నీరాను ఇచ్చును. చలికాలమున ఈత, ఎండకాలమున తాడు: రెండవ పాకమును ఋతువే నిర్ణయించును. కిణ్వమును చేర్చువాడును లేడు. నిన్నటి కల్లు తడి యారని లొట్టియే నేటి కల్లునకు కిణ్వము. లొట్టి లోపల సున్నము పూసినచో పులియదు, నీరాగనే నిలుచును. బీరు పులియుటకు కారణము సూక్ష్మజీవులని పాస్తరు 1876లో గ్రంథము వ్రాయుటకు ఎంతో ముందే, కారణ మెఱుగకున్నను గౌడులు ఈ ఫలితము నెఱుగుదురు. కల్లు దుకాణమును పరిశోధనశాలగా భావించుటకు చదువరులు మమ్ము మన్నింతురు గాక.

ఇక శాసనము. నాయని వేంకటరంగారావుగారి సంస్థానమునకు ముఖ్యస్థానమైన నడిగూడెము మునగాల పరగణాలోనిది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దివానుగా నుండుటచే ఆ కోటను సాహిత్యచరిత్ర విద్యార్థులందఱు నెఱుగుదురు. నైజాము రాజ్యము మధ్య ద్వీపమువలె నున్నను పరగణా కృష్ణా జిల్లాలోనిదే. కావున ఇచ్చటి చెట్లకు 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టము, పొలిమేర కావలి చెట్లకు 1316 ఫసలీ నాటి హైదరాబాదు అబ్కారీ చట్టము. రెండింటను అనుమతి లేనిదే కల్లు గీయరాదు. 1937లో సేలము జిల్లాలో మొదలైన మద్యనిషేధము 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించెను. అంతట పరగణాలో లొట్టి కట్టుటయే నేరమయ్యెను. కొన్ని క్రోసుల దూరమున హైదరాబాదు రాష్ట్రమున అదే పని పన్ను చెల్లించి చేయదగినది. చెట్టు జాతి యొక్కటే, లొట్టి యొక్కటే, పొలిమేర మాత్రమే వేఱు. ఈ నిషేధవివాదమే 1954 నవంబరులో ప్రకాశముగారి మంత్రివర్గమును ఒక్క వోటుతో కూల్చినది. 1959లో పరగణా నల్లగొండ జిల్లాలో చేరెను. 1968 నాటి ఎక్సైజు చట్టము రెండు ప్రాంతములకు నొక్కటే శాసనమును తెచ్చెను. అనుమతి లేక మద్యము చేయుట దాని ననుసరించియు నేరమే. కౌటిల్యుడు విడిచిన ఆ చిన్న సందు కూడ ఇందు మూయబడినదని మా యభిప్రాయము.

ఇతర దేశములు వేఱు త్రోవ పట్టినవి. ఇంగ్లండులో ఇంటి బీరునకు 1880లో పెట్టిన లైసెన్సును 1963లో తీసివేసిరి. అమెరికాలో 1978లో కార్టరు సంతకము చేసిన చట్టముచే, ఇద్దఱు పెద్దలున్న ఇంట ఏటికి 200 గ్యాలనుల బీరు చేసికొనవచ్చును, అమ్మరాదు. కోదాడ ప్రాంతమునుండి అచ్చటికి పోయి స్థిరపడిన తెలుగువాడు రెండవ పాకమునకు యవలా, గోధుమలా యని తానే నిర్ణయించుకొనవచ్చును. స్వగ్రామమున అతనికి ఆ ప్రశ్నయే లేదు.

ఈతచెట్టును ఒక ఏడు ఒక ప్రక్కను గీచి, మఱుసటి గీతకు ఎదుటి ప్రక్కను గీయుదురు. అందుచే దాని మాను వంకరటింకరగా మెట్లు మెట్లుగా పెరుగును. ఎన్నిమాఱులు గీచిరో, ఏ గీత తరువాత ఏ ప్రక్క నెన్నుకొనిరో ఆ మెట్లను లెక్కించినచో తెలియును. ఆ లెక్క అబ్కారీ దస్తరములలో దొరకదు.