పెరటి ఎలుకలూ సుప్రీంకోర్టూ

1959లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక పెరటి ఎలుకల వ్యవహారం వచ్చింది. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో, మా నేలమాళిగలో ఎలుకలు తిరుగుతున్నాయని బాల్టిమోర్‌లో ఒకావిడ ఫిర్యాదు చేసింది. ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు ఆవిడ ఇంట్లో మందు పెట్టి చేతులు దులుపుకోలేదు. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని వీధి వెంట వెతుక్కుంటూ పోయాడు. శిథిలంగా ఉన్న మరో ఇంటి వెనక గడ్డీ గాదమూ ఎలుక పెంటికలూ కలిసి సుమారు అరటన్ను కుప్ప కనిపించింది. వారంటు లేనిదే లోపలికి రానివ్వనన్న ఇంటాయనకి ఇరవై డాలర్ల జరిమానా పడింది. ఆ ఇరవై డాలర్ల తగువే ‘ఫ్రాంక్ వర్సెస్ మేరీల్యాండ్’ పేరుతో పై కోర్టు దాకా పోయి, నలుగురు కాదంటే అయిదుగురు జరిమానా సబబేనన్న తీర్పుతో ముగిసింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసులో వారంటు సంగతి చదువుతారు. నాకు మాత్రం ఆ ఇన్‌స్పెక్టరు నడక మీదే మనసుంది. ఎలుక ఒకరింట్లో కనబడుతుంది, మరొకరి పెరట్లో బతుకుతుంది. ఎలుకలతో అమెరికా పడ్డ పాట్లన్నిట్లో నిలబడే పాఠం ఇదొక్కటేనని నా వాదన.

నిలబడనివి చాలా ఉన్నాయి, వాటికే పేరు ఎక్కువ. నార్వే ఎలుక అనే గోధుమరంగు ఎలుక ఓడలెక్కి 1770ల నాటికి అమెరికా చేరింది. ఆ తరవాత వందేళ్లు పిల్లులూ కర్రలే దిక్కు. 1880లలో జెర్సీ సిటీకి చెందిన ఎఫ్రాయిం వెల్స్ పాషాణాన్ని డబ్బాల్లో పెట్టి ‘రఫ్ ఆన్ ర్యాట్స్’ అని రంగురంగుల బొమ్మకార్డులతో అమ్మాడు. 1894లో ఇల్లినాయ్ రాష్ట్రపు విలియం హుకర్ చెక్కముక్క మీద స్ప్రింగు బోనుకి పేటెంటు పొందాడు. ఇవాళ్టికీ షెడ్డుల్లో టప్పుమనేది దాని వంశమే. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన బూజుపట్టిన గడ్డి తిని చచ్చిన పెయ్యనీ, గడ్డకట్టని నెత్తురు నింపిన పాలక్యానునీ మంచుతుఫానులో మాడిసన్ విశ్వవిద్యాలయానికి మోసుకొచ్చాడు. కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలలో ఆ నెత్తురు వెనకున్న రసాయనం బయటపడింది. దాని సంతతి వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చి, 1955లో గుండెపోటు వచ్చిన ఐజన్‌హోవర్‌కి వైద్యమైంది. ముచ్చటైన కథే. కానీ అధ్యక్షుడికి మేలు చేసినంతగా షెడ్డుకి చెయ్యలేదు. 1970ల ఆరంభానికల్లా దానికి లొంగని ఎలుకలు అమెరికాలోనూ దొరికాయి.

ఎలుకల గురించి నిజంగా ఆలోచించిన ఊరు బాల్టిమోరే. అక్కడి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కర్ట్ రిక్టర్ రుచుల మీద పరిశోధన చేసేవాడు. కొందరికి చేదుగా, కొందరికి రుచే లేనట్టుగా తోచే ఒక రసాయనం ఎలుకలకి ఎలా ఉంటుందో చూద్దామని వాటి నాలుక మీద రవ్వంత వేశాడు. తెల్లారేసరికి అన్నీ చచ్చి పడున్నాయి. అంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చి, మధ్యధరా తీరం నుంచి వచ్చే ఎర్ర స్క్విల్ అనే దుంప మందు ఆగిపోయింది. శత్రువు ఎలుకల ద్వారా రోగాలు వదులుతాడేమోనన్న భయమూ పట్టుకుంది. రిక్టర్ ఆ రసాయనానికి దగ్గరి బంధువు ‘యాంటు’ని తయారుచేయించి, మొక్కజొన్న పిండిలో కలిపించి, బాల్టిమోర్ సందుల్లో వీధి తరవాత వీధికి పంచిపెట్టించాడు. ఎలుకలు కుప్పలుగా చచ్చాయి. బతికినవి ఆ పిండి మొహం చూడ్డం మానేశాయి. యుద్ధం ముగిసే వేళకి అదే విశ్వవిద్యాలయంలో డేవిడ్ డేవిస్, జాన్ ఎమ్లెన్ లాంటివాళ్లు ఎలుకల్ని చంపడం కాస్త పక్కనపెట్టి లెక్కపెట్టడం మొదలెట్టారు. ఎలుక దాదాపుగా తను పుట్టిన గృహసముదాయం దాటదని, నడుమనున్న వీధి దానికి ఎల్లలాంటిదని తేల్చారు. మందుపెట్టి సగానికి పైగా చంపినా నెలల్లోనే మళ్లీ పాత లెక్కకి వచ్చేస్తాయి. కారణం సూటిగానే ఉంది. తినేవాళ్లు తగ్గితే మిగిలినవాటికి వాటా పెరుగుతుంది, గర్భం మూడు వారాలే. మూతలున్న డబ్బాలు పెట్టి, ఒరిగిన చెక్క షెడ్లూ కట్టెల పేర్పులూ తీయించి, నేల సిమెంటు చేయించిన చోట మాత్రం సంఖ్య పడి, పడినచోటే ఉంది.

ఇంత తెలిశాక ఎందుకు మరిచారు? మందుకి డబ్బా ఉంది, దాని మీద బొమ్మ ఉంది, అమ్మేవాడున్నాడు. మూత బిగించమని చెప్పేవాడికి లాభం లేదు. నాకు తోచినంతలో ఈ చరిత్రలో పోగొట్టుకున్నదల్లా ఆ ఇన్‌స్పెక్టరు ఉద్యోగమే. ఎలుకల పనిని ఊరుమ్మడి బాధ్యత నుంచి ఇంటి యజమాని చేతిసంచీలోకి దించేశాం.

ఇక్కడ రెండు అభ్యంతరాలు సహజం. ఒకటి, పెరడు అద్దంలా ఉంచుకున్నా ఎలుకలొస్తున్నాయి కదా అని. నిజమే, లెక్క పెరడుది కాదు, ఆ ఇళ్ల వరస మొత్తానిది. గింజలు రాలే పక్షితొట్టి ఒకరిదైతే, నేలకానించి కట్టిన చెక్క షెడ్డు మరొకరిది. తిండి ఒకచోట, కలుగు ఒకచోట. 1967లో ‘కమారా’ కేసులో సుప్రీంకోర్టు ఫ్రాంక్ తీర్పుని తోసిపుచ్చి వారంటు తప్పదన్నప్పుడు, ఫలానా ఇంట్లో తప్పు జరిగిందని చూపనక్కర్లేదు, ఆ ప్రాంతం పరిస్థితి చూపిస్తే వారంటు ఇవ్వొచ్చని కూడా అన్నది. డేవిస్ లెక్కలకి ఇంత దగ్గరగా వచ్చిన న్యాయసూత్రం ఇంకోటి నాకు కనబడదు. రెండో అభ్యంతరం బరువైంది. శుభ్రత అనగానే నేరం పేదవాడి మెడకి చుట్టుకుంటుంది. అద్దెకున్నవాడు గోడ కన్నం పూడ్చలేడు, సందు సిమెంటు చేయించలేడు. ఆ పని ఇంటి యజమానిది, నగరపాలనది, చివరికి ప్రభుత్వానిది. అదే 1967 జులై 20న, ఎలుకల నిర్మూలనకి అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం అడిగిన నాలుగు కోట్ల డాలర్ల బిల్లుని ప్రతినిధుల సభ పగలబడి నవ్వుకుంటూ 207–176 ఓట్లతో చర్చకే రానివ్వలేదు. ఆ నవ్వు దేశమంతా వినబడి, ఆ ఏడాదే వేరే ఆరోగ్య చట్టంలో ఎలుకల పనికి చోటు దొరికింది.

మరి షెడ్డులో ఇప్పటికే చేరినవాటి మాటేమిటి? చంపాల్సిందే. గోడ వెంట పెట్టిన స్ప్రింగు బోనుని నేను తప్పు పట్టను. కానీ వరస ముఖ్యం. అరంగుళం కన్నం చాలు ఎలుక దూరడానికి. ఆ కన్నాలు ఇనుప జాలీతో మూయాలి, షెడ్డు కింది ఖాళీకి చుట్టూ జాలీ పాతాలి, గరాజులో నేలమీద వరసగా పడుకోబెట్టిన సోనామసూరి బస్తాలు మూతగట్టి డబ్బాల్లోకి ఎక్కాలి. అప్పుడు బోను పని పూర్తిచేస్తుంది. మందు మాత్రం ఎలుక దగ్గర ఆగదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు జంతుశాల నుంచి తప్పించుకుని ఏడాది పాటు ఊరంతటికీ ముద్దయిన ఫ్లాకో అనే గుడ్లగూబ 2024 ఫిబ్రవరిలో చనిపోతే, శవపరీక్షలో పావురాల వైరస్‌తో పాటు నాలుగు రకాల ఎలుకల మందులు బయటపడ్డాయి. కాలిఫోర్నియా అప్పటికే, 2021 నుంచి, వార్ఫరిన్ తరవాత వచ్చిన రెండో తరం మందుల వాడకాన్ని చాలామటుకు కట్టడి చేసింది. చెత్తని నల్లసంచుల్లో కాలిబాట మీద పడేయడం దశాబ్దాలుగా అలవాటైన న్యూయార్క్‌లో, తొమ్మిది వాటాల దాకా ఉన్న ఇళ్లన్నీ గట్టి మూత ఉన్న డబ్బాలు వాడాలని 2024 నవంబరులో నిబంధన పెట్టారు. దాన్ని కొత్త యుద్ధమన్నట్టు ఊరేగించారు గానీ, బాల్టిమోర్‌లో ఆ మూతల గురించి చెప్పి అప్పటికి డెబ్బై ఏళ్లు దాటాయి.